సర్వర్‌లో ఫైల్ సేవ్ అయింది, తెల్లారేసరికి లేదు... ఎందుకు?

ఈరోజు టాపిక్ మీలో చాలామంది అడిగిందే. "అన్నా, నా ల్యాప్‌టాప్‌లో ఫైల్ చక్కగా సేవ్ అవుతోంది, క్లౌడ్‌లో పెడితే అవ్వట్లేదు." ఇదే ప్రశ్న పది రకాలుగా వస్తోంది. ఒకరికి ఎర్రర్ వస్తుంది, ఒకరికి ఖాళీ ఫైల్ వస్తుంది, ఒకరికి ఫొటో ఒకసారి కనిపిస్తుంది, రిఫ్రెష్ కొడితే కనిపించదు. ఇంకొకరికి అన్నీ బాగానే ఉంటాయి, మర్నాడు పొద్దున చూస్తే ఏమీ ఉండదు.

ఇందులో ఎర్రర్ వచ్చినవాళ్లు అదృష్టవంతులు. నిజంగానే చెప్తున్నాను. ఎర్రర్ వస్తే అందులో సగం సమాధానం ఉంటుంది. అసలు ప్రమాదం చివరి రకం. సర్వర్ "సరే, రాసేశాను" అంటుంది, ఎర్రర్ ఉండదు, మీరు నమ్మి పడుకుంటారు. అందుకే ముందు దాని గురించి మాట్లాడదాం.

మన పలాస సంగతి చెప్తాను. పలాస, కాశీబుగ్గ అంటే జీడిపప్పు కదా. జీడిపిక్కలు పగలగొట్టాక పప్పు మీద ఎర్రటి పొట్టు ఉంటుంది, అది తీసే పని ఎక్కువగా ఆడవాళ్లే చేస్తారు. ఎన్ని కిలోలు తీస్తే అంత కూలి. సాయంత్రం కాటా వేసి, పేరు, కిలోలు రాసి చీటీ ఇస్తారు. శనివారం ఆ చీటీలన్నీ కూడి డబ్బులిస్తారు. నేను చెప్పబోయే యూనిట్‌లో పద్ధతి ఇదీ. చిన్న యూనిట్, పేరు అనవసరం.

2018 అక్టోబర్ 11 తెల్లవారుజామున తిత్లీ తుపాను పలాస దగ్గర్లోనే తీరం దాటింది, మీలో చాలామందికి గుర్తుండే ఉంటుంది. ఉద్దానంలో జీడి తోటలు, కొబ్బరి తోటలు పడిపోయాయి. ఈ యూనిట్ ఓనర్ గారి లెక్కల పుస్తకాలు కూడా అప్పుడే తడిసి ముద్దయ్యాయి. అప్పటినుంచి ఆయనకి కాగితం అంటే భయం. వాళ్ల బంధువుల అబ్బాయి, బీటెక్ ఫైనల్ ఇయర్, ఒక చిన్న వెబ్ యాప్ చేసిచ్చాడు. పైథాన్, ఫ్లాస్క్. మేస్త్రీ ఫోన్‌లో చీటీ ఫొటో తీసి, పేరు టైప్ చేసి, కిలోలు కొట్టి, సబ్మిట్ నొక్కాలి. అంతే. క్లౌడ్‌లో ఒక ఫ్రీ ప్లాన్ మీద పెట్టాడు.

మొదటి రోజు సాయంత్రం 40 చీటీలు ఎక్కించారు. అన్నీ కనిపించాయి. మర్నాడు పొద్దున ఒక్క ఫొటో లేదు. పేర్లు ఉన్నాయి, కిలోలు ఉన్నాయి, ఫొటో ఉండాల్సిన చోట విరిగిన బొమ్మ గుర్తు. పైగా ఇద్దరు అక్కలు "నేను తీసింది ఇంత కాదు, అంతకంటే ఎక్కువ" అంటున్నారు. చూసి చెప్పడానికి ఫొటో లేదు. మనకి బగ్ అనిపిస్తుంది గానీ వాళ్లకది ఒక రోజు కూలి.

తమ్ముడు ఫోన్ చేశాడు. "అన్నా, ఫొటోలన్నీ ఎల్లిపోనాయి, ఎవుడో తీసీసినాడన్నా." హ్యాకింగ్ అనుకుంటున్నాడు పాపం. ఈలోపు యూట్యూబ్‌లో ఎవరో చెప్పారని అప్‌లోడ్స్ ఫోల్డర్‌కి సీహెచ్‌మాడ్ 777 కొట్టీసాడట. దాంతో ఏమీ మారలేదు.

నేను అడిగిన మొదటి ప్రశ్న: లాగ్‌లో ఎర్రర్ ఏమైనా ఉందా? లేదు. రెండోది: యాప్ రాత్రి రీస్టార్ట్ అయిందా? "నేనేటీ ముట్టుకోలేదన్నా" అన్నాడు. నువ్వు ముట్టుకున్నావా అని కాదురా బాబూ, లాగ్ పైకి జరిపి చూడు అన్నాను. చూశాడు. రాత్రి ఎవరూ వాడట్లేదు కాబట్టి ఆ ప్లాన్‌లో యాప్ నిద్రపోయింది. పొద్దున మేస్త్రీ లింక్ తెరవగానే మళ్లీ లేచింది. కొత్తగా లేచింది. అదే అసలు సంగతి.

ఇది కొంచెం వివరంగా చెప్పాలి. మీరు కల్యాణ మండపం అద్దెకి తీసుకున్నారనుకోండి. గోడకి పూలు కట్టారు, లైట్లు పెట్టారు, స్టేజీ మీద పేర్లు అంటించారు. ఎవరూ వద్దనలేదు. కానీ మర్నాడు ఇంకో పెళ్లి. మండపం వాళ్లు అన్నీ ఊడబెరికి, మొదట ఎలా ఉందో అలా చేసేస్తారు. ఇప్పటి క్లౌడ్ హోస్టుల్లో చాలావాటిలో మీ యాప్ నడిచేది ఇలాంటి మండపంలోనే. దాన్ని కంటైనర్ అంటారు. మీ కోడ్‌తో ఒక ఇమేజ్ తయారవుతుంది, ఆ ఇమేజ్ నుంచి కంటైనర్ లేస్తుంది. నడుస్తున్నప్పుడు మీరు రాసిన ఫైళ్లు ఆ ఇమేజ్‌లోకి వెళ్లవు, పైన ఒక పల్చటి పొర మీద ఉంటాయి. కంటైనర్ పోయి కొత్తది వస్తే ఆ పొర కూడా పోతుంది. మీరు గిట్‌లో పెట్టి పంపిన ఫైళ్లు మాత్రం ఎప్పుడూ ఉంటాయి, ఎందుకంటే అవి ఇమేజ్‌లో ఉన్నాయి. అందుకే "లోగో కనిపిస్తోంది, అప్‌లోడ్ చేసిన ఫొటో కనిపించట్లేదు" అనే వింత.

దాచిపెట్టిన సంగతేమీ కాదు ఇది. హెరోకు డాక్యుమెంటేషన్‌లోనే రాసింది: మా డైనోలు దాదాపు రోజుకోసారి రీస్టార్ట్ అవుతాయి, అందులో రాసిన ఫైళ్లు ఉండవు అని. 2022 నవంబర్ 28న హెరోకు ఫ్రీ ప్లాన్ ఆగిపోయాక మన స్టూడెంట్లు చాలామంది వేరే చోట్లకి వెళ్లారు. అక్కడా కథ అదే. రెండర్‌లో డిస్క్ విడిగా డబ్బులు కట్టి తగిలించుకోకపోతే ఫైళ్లు నిలవవు, ఫ్రీ సర్వీస్ అయితే 15 నిమిషాలు ఎవరూ రాకపోతే నిద్రపోతుంది. గూగుల్ క్లౌడ్ రన్‌లో ఫైల్ రాస్తే అది మెమరీలోకే వెళ్తుంది, అంటే పెద్ద ఫైళ్లు రాస్తూ పోతే ర్యామ్ అయిపోయి యాప్ చచ్చిపోతుంది. మీరేమో "నేను డిస్క్ మీద రాశాను, ర్యామ్ ఎందుకు నిండింది" అని జుట్టు పీక్కుంటారు. ఏడబ్ల్యూఎస్ ల్యాంబ్డా, వెర్సెల్ ఇంకా కఠినం. అక్కడ మీ కోడ్ ఉన్న ఫోల్డర్‌లో అసలు రాయనివ్వవు. స్లాష్ టీఎంపీ అనే ఫోల్డర్ ఒక్కటే రాయడానికి. ల్యాంబ్డాలో అది మామూలుగా 512 ఎంబీ, కావాలంటే 10 జీబీ దాకా పెంచుకోవచ్చు. వెర్సెల్‌లో 500 ఎంబీ. అది కూడా తాత్కాలికమే, పేరులోనే ఉంది కదా, టెంపరరీ.

అదే మీరు ఈసీ2 లాంటి మామూలు వర్చువల్ మెషీన్ తీసుకుంటే డిస్క్ రీస్టార్ట్ అయినా ఉంటుంది. కానీ మెషీన్‌ని టెర్మినేట్ చేస్తే మామూలు సెట్టింగ్‌లో రూట్ డిస్క్ కూడా దాంతోపాటే పోతుంది. స్టాప్ వేరు, టెర్మినేట్ వేరు. బిల్లు తగ్గించుకుందామని తొందరలో తప్పు బటన్ నొక్కకండి.

మన తమ్ముడికి పేర్లు, కిలోలు ఎందుకు మిగిలాయంటే అవి వేరే చోట ఉన్న పోస్ట్‌గ్రెస్ డేటాబేస్‌లో ఉన్నాయి. అదే ఎస్‌క్యూలైట్ వాడి ఉంటే? ఎస్‌క్యూలైట్ డేటాబేస్ అంటే అదొక ఫైలే. అదీ పోయేది, మొత్తం లెక్కే పోయేది. కాలేజీ ప్రాజెక్టుల్లో ఎక్కువగా ఎస్‌క్యూలైటే ఉంటుంది కాబట్టి ఇది గట్టిగా చెప్తున్నాను.

ఇంకో రకం ఉంది: రిఫ్రెష్ కొడితే ఒకసారి ఫొటో వస్తుంది, ఒకసారి రాదు. రెండు కంటైనర్లు నడుస్తున్నాయన్నమాట. ఫైల్ ఒకదాంట్లో రాశారు, చూసేటప్పుడు మీ రిక్వెస్ట్ రెండోదానికి వెళ్లింది. దానికి ఆ ఫైల్ సంగతే తెలియదు.

సరే, ఇప్పుడు ఎర్రర్ వచ్చే అదృష్టవంతుల దగ్గరికి వద్దాం. దయచేసి ఎర్రర్ మొత్తం చదవండి. నాకు పంపే స్క్రీన్‌షాట్లలో సగం "ఇంటర్నల్ సర్వర్ ఎర్రర్ 500" అనే తెల్ల పేజీలే. అది బయటి తలుపు మాత్రమే. లోపల లాగ్‌లో అసలు మాట ఉంటుంది. లైనక్స్ ఇచ్చే మాటలు కొన్నే, వాటికి నంబర్లు కూడా ఉంటాయి.

నంబర్ 13, పర్మిషన్ డినైడ్. మీ యాప్ ఏ యూజర్ పేరుతో నడుస్తోందో ఆ యూజర్‌కి ఆ ఫోల్డర్‌లో రాసే హక్కు లేదు. మీరు ఎస్‌ఎస్‌హెచ్‌లో ఉబుంటు అనే యూజర్‌గా ఫోల్డర్ చేశారు, వెబ్ సర్వర్ మాత్రం డబ్ల్యూడబ్ల్యూడబ్ల్యూ-డేటా అనే యూజర్‌గా నడుస్తోంది. ఇద్దరూ వేరు. ఇక్కడే అందరూ 777 కొడతారు. అంటే ఇంటి తాళం పోయిందని తలుపే పీకేయడం. ఆ సర్వర్‌లో ఉన్న ఏ ప్రోగ్రామైనా మీ ఫోల్డర్‌లో ఏదైనా రాయొచ్చు. అదే ఫోల్డర్‌లోంచి పీహెచ్‌పీ ఫైళ్లు నడిచే సర్వర్ అయితే ఇక చెప్పక్కర్లేదు. చేయాల్సింది చిన్న పని: ఆ ఒక్క ఫోల్డర్‌ని సీహెచ్‌ఓన్ కమాండ్‌తో ఆ యూజర్ పేరుకి మార్చండి. ఇంకోటి గుర్తుంచుకోండి, పైన ఉన్న ప్రతి ఫోల్డర్‌లోంచి నడిచివెళ్లే హక్కు కూడా ఆ యూజర్‌కి ఉండాలి. చివరి ఫోల్డర్ ఒక్కటే సరిచేసి "ఇంకా రావట్లేదన్నా" అంటారు. మధ్యలో గేటు వేసుంది, చూడండి.

నంబర్ 30, రీడ్-ఓన్లీ ఫైల్ సిస్టమ్. దీనికి 777 కాదు కదా, ఏది కొట్టినా పనిచేయదు. ల్యాంబ్డా, వెర్సెల్ లాంటి చోట్ల వచ్చిందంటే ఆ ఫోల్డర్‌లో రాయనివ్వరని అర్థం. మామూలు వర్చువల్ మెషీన్‌లో హఠాత్తుగా వచ్చిందంటే మాత్రం భయపడాలి, డిస్క్‌లో తేడా వస్తే లైనక్స్ తనంతట తను రాతలు ఆపేసి ఇలా పెట్టవచ్చు. ముందు డేటా కాపీ తీసుకోండి, తర్వాత మిగతా పని.

నంబర్ 2, నో సచ్ ఫైల్ ఆర్ డైరెక్టరీ. "అన్నా, కొత్త ఫైల్ రాస్తున్నాను, ఫైల్ లేదంటాడేటి?" ఫైల్ కాదు, ఫోల్డర్ లేదు. గిట్ ఖాళీ ఫోల్డర్లని పంపదు. మీ ల్యాప్‌టాప్‌లో ఉన్న ఖాళీ అప్‌లోడ్స్ ఫోల్డర్ సర్వర్‌కి చేరనేలేదు. లేదంటే విండోస్‌లో పెద్ద అక్షరంతో పేరు పెట్టి కోడ్‌లో చిన్న అక్షరంతో రాశారు. విండోస్ పట్టించుకోదు, లైనక్స్ పట్టించుకుంటుంది.

నంబర్ 28, నో స్పేస్ లెఫ్ట్. డీఎఫ్ కమాండ్ కొడితే ఇంకా ఖాళీ ఉందని చూపిస్తుంది, కానీ రాయనివ్వదు. అప్పుడు డీఎఫ్ హైఫెన్ ఐ కొట్టండి. లక్షల కొద్దీ చిన్న ఫైళ్లు పోగైతే చోటు ఉన్నా ఐనోడ్లు అయిపోతాయి.

అసలు మీ కోడ్ దాకా రాకుండానే ఆగిపోయేవీ ఉన్నాయి. ఎన్‌జిన్ఎక్స్ మామూలుగా 1 ఎంబీ దాటిన అప్‌లోడ్ తీసుకోదు, 413 అంటుంది. పీహెచ్‌పీలో ఒక ఫైల్‌కి మామూలు హద్దు 2 ఎంబీ. ఇప్పటి ఫోన్ ఫొటో ఒక్కోటి 3, 4 ఎంబీ ఉంటుంది. మీరు టెస్ట్ చేసిన చిన్న బొమ్మ వెళ్తుంది, అసలు ఫొటో వెళ్లదు.

ఇప్పుడు మళ్లీ పలాస. ఎందుకంటే అక్కడ రెండో సమస్య వచ్చింది, అది మన తెలుగువాళ్లకి ప్రత్యేకం. ఇంగ్లిష్ ట్యుటోరియల్స్‌లో ఇది దొరకడం కష్టం.

ఫొటోలు కంటైనర్‌లో కాకుండా బయట ఆబ్జెక్ట్ స్టోరేజ్‌లో పెట్టేలా కోడ్ మార్చాం. ఆబ్జెక్ట్ స్టోరేజ్ అంటే ఫైళ్లు దాచడానికే ఉన్న సర్వీస్. అమెజాన్ ఎస్3 2006లో మొదలైంది, తర్వాత అలాంటివి చాలా వచ్చాయి. రీస్టార్ట్ చేశాం, ఫైల్ ఉంది. హమ్మయ్య అనుకున్నాం. సాయంత్రం మళ్లీ 40 చీటీలు ఎక్కించారు. తెరిచి చూస్తే 40 పేర్ల పక్కనా ఒకటే ఫొటో! ఆఖరున ఎక్కించిన చీటీ.

కోడ్‌లో ఫైల్ పేరుని సెక్యూర్ ఫైల్‌నేమ్ అనే ఫంక్షన్‌లోంచి పంపుతున్నాడు. ఫ్లాస్క్ నేర్చుకున్న ప్రతి ఒక్కరూ వాడేదే, మంచిదే, చెడ్డ పేర్లతో సర్వర్ ఫోల్డర్లలోకి దూరకుండా కాపాడుతుంది. కానీ అది ఇంగ్లిష్ అక్షరాలు, అంకెలు, కొన్ని గుర్తులు మాత్రమే ఉంచి మిగతావి తీసేస్తుంది. మేస్త్రీ పేరు తెలుగులో టైప్ చేస్తాడు. లక్ష్మి డాట్ జేపీజీ అని ఇస్తే తెలుగు అంతా పోయి, మొదట్లో మిగిలిన చుక్క కూడా పోయి, ఉత్త "జేపీజీ" మిగులుతుంది. పార్వతికీ అదే, అప్పలనరసమ్మకీ అదే. ఒకే పేరు మీద ఒకదానిమీద ఒకటి 40 సార్లు రాశాడు. ప్రతిసారీ సక్సెస్. తమ్ముడు ల్యాప్‌టాప్‌లో టెస్ట్ చేసినప్పుడు ఇంగ్లిష్ పేర్లే కొట్టాడు కాబట్టి ఎప్పుడూ బయటపడలేదు.

సరే, ఆ ఫంక్షన్ తీసేసి తెలుగు పేరే ఉంచుదామా? సర్వర్ డిస్క్ మీద అయితే అక్కడ ఇంకో గొయ్యి ఉంది. లైనక్స్‌లో ఒక ఫైల్ పేరు 255 బైట్లు దాటకూడదు. ఇంగ్లిష్ అక్షరం ఒక బైటు. యూటీఎఫ్-8లో తెలుగు అక్షరానికి, గుణింతం గుర్తుకి, వత్తు కోసం పెట్టే విరామానికి, ఒక్కోదానికి 3 బైట్లు. "శ్రీ" చూడండి. మన కంటికి ఒక అక్షరం. కంప్యూటర్‌కి శ, విరామం, ర, గుడిదీర్ఘం, నాలుగు. అంటే 12 బైట్లు. "శ్రీకాకుళం" అనే ఒక్క మాట 30 బైట్లు. 255ని 3తో భాగిస్తే 85. ఇంటిపేరు, పేరు, ఊరు, మండలం, జిల్లా అన్నీ కలిపి ఫైల్ పేరు పెడితే 85 ఎప్పుడు దాటిందో తెలియదు. అప్పుడు నంబర్ 36, ఫైల్ నేమ్ టూ లాంగ్. విండోస్‌లో హద్దు బైట్లలో కాదు, తెలుగు గుర్తులు 255 దాకా పడతాయి. అందుకే ల్యాప్‌టాప్‌లో పనిచేసి సర్వర్‌లో ఆగుతుంది.

కాబట్టి మేం ఏం చేశామంటే, ప్రతి ఫొటోకి యూయూఐడీ అనే పొడుగాటి యాదృచ్ఛిక నంబర్ పేరుగా పెట్టాం. తెలుగు పేరు, ఊరు డేటాబేస్‌లో ఉంటాయి, అక్కడ ఈ గొడవ లేదు. తేదీ కూడా డేటాబేస్‌లోనే. తేదీతో ఫోల్డర్లు చేసేవాళ్లకి ఒక మాట: సర్వర్లు ఎక్కువగా యూటీసీలో ఉంటాయి, మనకంటే అయిదున్నర గంటలు వెనక. ఉదయం 5:30 లోపు ఎక్కించినవి నిన్నటి ఫోల్డర్‌లో పడతాయి. నైట్ షిఫ్ట్ ఉన్న చోట దీనివల్ల గొడవలే.

ఖర్చు సంగతి అడుగుతారు కదా. ఫొటోని ఫోన్‌లోనే, బ్రౌజర్‌లోనే చిన్నది చేసి 200 కేబీకి తెచ్చాం. చీటీలో అక్షరాలు చదవడానికి అది చాలు. రోజుకి 40 అంటే 8 ఎంబీ, నెలకి 26 పనిరోజులు అంటే 208 ఎంబీ. క్లౌడ్‌ఫ్లేర్ ఆర్2లో 10 జీబీ దాకా నిల్వకి డబ్బులు పడవు. అంటే ఈ లెక్కన నాలుగేళ్లు. నిల్వ మన దేశంలోనే ఉండాలనుకుంటే ఎస్3కి 2016 నుంచి ముంబై రీజియన్ ఉంది, 2022 నవంబర్ నుంచి హైదరాబాద్ కూడా ఉంది.

ఒక్కటి మాత్రం చేయకండి. ఫొటో కనిపించట్లేదని బకెట్‌ని పబ్లిక్ చేసేయొద్దు. ఇది కూడా 777 అన్నయ్యే. ఆ చీటీల్లో మనుషుల పేర్లు, వాళ్ల సంపాదన ఉన్నాయి. సైన్డ్ యూఆర్‌ఎల్ అని ఉంటుంది, ఓ 10 నిమిషాలు పనిచేసి ఆగిపోయే లింక్. లాగిన్ అయినవాళ్లకి అదివ్వండి.

మొదటి రోజు పోయిన 40 ఫొటోల మాటేంటి అంటారా? అవి ఇక రావు, హోస్ట్‌ని అడిగినా రావు, వాళ్ల దగ్గరా ఉండవు. మేస్త్రీ ఫోన్ గ్యాలరీలో కొన్ని దొరికాయి. మిగతావాటికి కాగితం చీటీలు వెతికారు. అడిగిన ఇద్దరిలో ఒకామె తన చీటీ కొంగుకి ముడేసుకుని ఉంచుకుంది, అదే చూపించింది. మేస్త్రీ 14 కిలోలకి బదులు 11 కొట్టాడు. సరిచేసి ఇచ్చారు. రెండో ఆమె చీటీ దొరకలేదు. ఓనర్ గారు ఆమె చెప్పిన లెక్కకే డబ్బులిచ్చారు, నాకు ఆయన మీద గౌరవం పెరిగింది. కానీ ప్రతి ఓనరూ అలా ఇవ్వరు, అది మీకూ తెలుసు. ఇప్పుడు ఆ యాప్‌లో సబ్మిట్ కొట్టాక ఫైల్ స్టోరేజ్‌కి చేరిందో లేదో మళ్లీ అడిగి, సైజు సరిపోయాకే పచ్చ టిక్ వస్తుంది. అప్పటిదాకా కాగితం పారేయొద్దని మేస్త్రీకి చెప్పారు.

మీ ప్రాజెక్ట్‌లో ఈరోజే ఇది చూడండి, రెండు నిమిషాల పని. పేరు తెలుగులో కొట్టి, ఫోన్‌తో తీసిన అసలు ఫొటో ఒకటి ఎక్కించండి. ఇంకో తెలుగు పేరుతో ఇంకోటి ఎక్కించండి. రెండూ వేరువేరుగా తెరుచుకున్నాయా? ఇప్పుడు డ్యాష్‌బోర్డ్‌లోకి వెళ్లి రీడిప్లాయ్ నొక్కండి. టీ తాగి రండి. మళ్లీ తెరవండి. పోతే ఇప్పుడే పోవాలి, ఎవరి లెక్కా అందులో లేనప్పుడే. ఎర్రర్ వస్తే నంబర్‌తో సహా మొత్తం లాగ్ కింద పెట్టండి, తెల్ల పేజీ స్క్రీన్‌షాట్ వద్దు బాబూ. వచ్చే ఎపిసోడ్‌లో సైన్డ్ యూఆర్‌ఎల్ కోడ్ లైన్ లైన్ రాసి చూపిస్తాను. ఉంటాను మరి.